చెవిలో హోరు – వైద్యుల మహాసభలు, మన ఉద్దానం చెవులు

"అయ్యగారూ, చెవిలో ఏటో హోరండీ, రాత్రిళ్లు నిద్దర పట్టదు." పలాస నుండి కవిటి వరకు ఏ పల్లెలో గృహ ప్రార్థనకు వెళ్లినా ఈ మాట ఒకరిద్దరి నోటనైనా వినబడుతుంది. ఒకరికి జోరీగ తిరిగినట్టు, ఒకరికి కుక్కరు ఆవిరి వదిలినట్టు, ఒకరికి కీచురాయి అరిచినట్టు, మరొకరికి దూరాన రైసుమిల్లు ఆడుతున్నట్టు ఉంటుంది. పక్కన కూర్చున్నవారికి మాత్రము ఏమీ వినబడదు. వినబడదు గనుక ఇంటివారు నమ్మరు. ముసలితనపు చాదస్తమని కొట్టివేస్తారు. అంతటితో ఆగనివారు గాలి సోకిందంటారు, దయ్యపు శబ్దమంటారు.

వైద్యులు దీనిని టినిటస్ అంటారు. మోగుట అనే అర్థమిచ్చే లాటిను మాట నుండి వచ్చిన పేరు అది. అనేక దేశముల లెక్కలను కలిపి చూచిన ఒక పరిశోధన 2022లో వెలువడింది. పెద్దవారిలో నూటికి 14 మందికి ఏదో ఒక మేర ఈ హోరు ఉన్నదనీ, ప్రపంచము మొత్తము మీద వారు 74 కోట్లకు పైబడి ఉంటారనీ, అందులో సుమారు 12 కోట్ల మందికి అది తీవ్రమైన బాధ అనీ దాని అంచనా. ఇంతమందికి ఉన్న బాధను చాదస్తమని ఎలా అనగలము?

ఈ ఒక్క బాధ గురించి మాట్లాడుకోవడానికే దేశదేశాల చెవి వైద్యులు, పరిశోధకులు 1979లో న్యూయార్కులో మొదటి అంతర్జాతీయ సభ జరిపారు. అప్పటినుండి కొన్నేళ్లకొకసారి ఒక్కొక్క దేశములో కూడుకొంటూ వచ్చారు. మన దేశములోను చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘము ఏటేటా మహాసభ జరుపుతుంది. వినికిడి, మాట నిపుణుల సంఘము వేరుగా జరుపుతుంది. పెద్ద నగరములు, పెద్ద హాళ్లు, ఇంగ్లీషు ఉపన్యాసములు. అక్కడ తేలిన మాట కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు దాకా నడిచి రావడానికి చాలా కాలము పడుతుంది. ఒక్కోసారి రానే రాదు. అందులో మన ఇళ్లకు పనికివచ్చే నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచుదామని ఈ వ్యాసము వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులు వ్రాసినదానిని చదివి, మన పల్లెలలో చూచిన దానితో కలిపి చెప్పుచున్నాము, అంతే.

లూథరుగారి తలలో మోత

దయ్యపు శబ్దమనే మాట మన సంఘములలో కూడా వినబడుతున్నది గనుక ముందు దాని సంగతి చూద్దాము. మార్టిన్ లూథరుగారికి ఈ బాధ ఉండేది. 1530లో ఆగ్స్‌బర్గులో చక్రవర్తి ఎదుట విశ్వాస ప్రమాణమును చదివిన దినములలో, లూథరుగారు అక్కడికి వెళ్లడానికి వీలులేక కోబర్గు కోటలో ఉండిపోయారు. ఆ నెలలలోనే తలలో ఉరుములు ఉరిమినంత మోత, కళ్లు తిరగడం ఆయనను పట్టుకొన్నాయి. కొన్ని దినములు చదవలేక, వ్రాయలేక పోయారు. అది సాతాను చేసే అల్లరి అని ఆయనకు తోచింది. నాలుగు వందల ఏళ్ల తరువాత ఆయన ఉత్తరాలను చదివిన చెవి వైద్యులు కొందరు అది మెనియర్ వ్యాధి కావచ్చునన్నారు. 1861లో ప్రోస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన లోపలి చెవి జబ్బు అది. కళ్లు తిరగడం, చెవిలో హోరు, వినికిడి తగ్గడం మూడూ దాని గుర్తులే.

అంతటి సంస్కర్తకు వచ్చిన జబ్బు మన సంఘ పెద్దకు వస్తే అతని భక్తిలో లోపము వెదకడమెందుకు? ప్రార్థన చేయండి, తప్పక చేయండి. అయితే "నీలో ఏదో ఉన్నది" అని చెప్పి ఆ మనిషిని మరింత బెదరగొట్టవద్దు. భయము పెరిగినకొద్దీ హోరు పెరుగుతుందన్నది వైద్యులందరూ ఒప్పుకొనే మాట. అలా ఎందుకు పెరుగుతుందో చూద్దాము.

శబ్దము చెవిలోనా, మెదడులోనా?

చెవి లోపల, పుర్రె ఎముకలో దాగి, నత్తగుల్ల ఆకారములో ఒక చిన్న భాగమున్నది. పేరు కాక్లియా. అందులో సుమారు 15,000 రోమ కణాలు వరుసలు తీరి ఉంటాయి. గాలిలో వచ్చే శబ్దము వాటిని కదిలిస్తుంది, అవి ఆ కదలికను నరము ద్వారా మెదడుకు కబురు చేస్తాయి. ఇవి చాలా సున్నితమైనవి. వయసు, పెద్ద చప్పుడు, కొన్ని మందులు వీటిని చంపుతాయి. చచ్చినవి మనిషికి తిరిగి మొలవవు. కోడికి మొలుస్తాయి! పక్షుల చెవిలో ఈ కణాలు తిరిగి పుడతాయని 1980ల చివరలో అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. మనిషి చెవిలో కూడా అలా మొలిపించగలమా అన్న ప్రశ్న అప్పటినుండి ఈ సభలలో నలుగుతూనే ఉన్నది. ఇంతవరకు అలాంటి మందు రాలేదు.

కణాలు తగ్గితే కబురు తగ్గాలి గదా, శబ్దము ఎందుకు పుడుతుంది? పాత రేడియోను గుర్తు తెచ్చుకోండి. విశాఖపట్నం స్టేషను సరిగ్గా అందకపోతే ఏమి చేసేవారము? శబ్దము పెంచే బిరడా తిప్పేవారము. పాట వినబడేది కాదు గాని బుస్సుమని హోరు మాత్రము పెరిగేది. మెదడు చేసేది కూడా దాదాపు అదే. చెవి నుండి కబురు తగ్గేసరికి తన బిరడాను తాను పెంచుకొంటుంది. ఆ పెంపులో లేని శబ్దము ఉన్నట్టు వినబడుతుంది. కాలు తీసివేసిన మనిషికి లేని పాదము నొప్పి పెట్టినట్టే ఇదీ అని పరిశోధకులు పోల్చి చెప్పారు. టినిటస్ అంతా ఒక్క తీరుగా పుట్టదు. చెవిలో గుబిలి గట్టిపడినా హోరు రావచ్చు, అది తీయిస్తే పోతుంది. అయినా ఎక్కువమందిలో వినికిడి తగ్గడమే మూలము.

మరొక సంగతి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చక్కగా వినబడే 80 మందిని ఒక్కొక్కరిని ఏ చప్పుడూ చొరబడని గదిలో కొన్ని నిమిషాలు కూర్చోబెట్టారు. ఏమి వినబడిందో చెప్పమన్నారు. నూటికి 94 మంది ఏదో ఒక శబ్దము విన్నామన్నారు. పూర్తి నిశ్శబ్దములో ఆరోగ్యమైన చెవి కూడా మోగుతుందన్నమాట. కాబట్టి హోరు ఉన్న మనిషిని "తలుపులు వేసి, చప్పుడు లేకుండా పడుకోబెట్టండి" అని సలహా ఇవ్వడము మేలు చేయదు, కీడే చేస్తుంది.

సభలలో తేలినది

మొదట అందరూ ఆశించినది ఒక మాత్ర. వేసుకొంటే హోరు ఆగాలి. ఎన్నో మందులు పరీక్షించారు. హోరును ఆపుతుందని రుజువైన మాత్ర నేటికీ లేదు. పత్రికలలో "చెవి హోరు శాశ్వత నివారణ" అని ప్రకటనలు చూచి పోస్టులో మందు తెప్పించుకొనేవారు ఈ ఒక్క వాక్యము గుర్తుంచుకొంటే మేలు. గింకో అనే ఆకు మాత్రలు విరివిగా అమ్ముడుపోతున్నాయి, వాటికీ రుజువు లేదు.

మరి మేలు చేసినదేమిటి? 1970లలో జరిగిన ఒక సంగతిని ఈ రంగములోనివారు తరచుగా చెప్పుకొంటారు. అమెరికాలో చార్లెస్ యూనిస్ అనే వైద్యుడు తానే టినిటస్ బాధితుడు. ఈయన, జాక్ వెర్నన్ అనే పరిశోధకుడు పోర్ట్‌లాండు నగరములో ఒక పెద్ద నీటి ఫౌంటెను దగ్గరకు వెళ్లారు. యూనిస్‌గారు అక్కడినుండి కదలడానికి ఇష్టపడలేదట. ఆ నీటి చప్పుడులో తన చెవి హోరు ఆయనకు వినబడలేదు. దానిని ఆధారము చేసుకొని వెర్నన్‌గారు చెవిలో మెల్లని శబ్దము వినిపించే చిన్న యంత్రముల మీద పని చేశారు.

1990 నుండి జాస్ట్రెబాఫ్ అనే పరిశోధకుడు ఇంకొక మెట్టు ఎక్కారు. హోరును కప్పివేయడము కాదు, మెదడు దానిని పట్టించుకోకుండా అలవాటు చేయాలన్నారు. ఇది వినడానికి వింతగా ఉన్నా మన తీరమువారికి సులభముగా అర్థమవుతుంది. బారువ దగ్గరనో భావనపాడు దగ్గరనో సముద్రపు ఒడ్డున ఇల్లున్న బంధువుల ఇంటికి వెళ్లి పడుకొని చూడండి. మొదటి రాత్రి కడలి హోరుకు నిద్ర పట్టదు. ఆ ఇంటివారిని అడిగితే "ఏ హోరు?" అంటారు. వారి చెవులు చెడలేదు. శబ్దము తగ్గలేదు. దానివలన ఆపద లేదని వారి మెదడు ఎప్పుడో తేల్చుకొన్నది, అంతే. చెవి హోరు విషయములోను మెదడుకు ఆ నమ్మకము కలిగించడమే చికిత్స. దయ్యమన్నా, మెదడులో గడ్డ అన్నా, పిచ్చి పడుతుందన్నా ఆ నమ్మకము కుదరదు. ఇందాక భయము సంగతి చెప్పినది ఇందుకే. ఆలోచనలను, అలవాట్లను క్రమముగా మార్చే మనస్తత్వ చికిత్స హోరు వలన కలిగే వేదనను తగ్గిస్తుందని ఇప్పటివరకు జరిగిన పరీక్షలలో ఎక్కువగా రుజువైనది. వినికిడి తగ్గినవారికి చెవి మిషను పెడితే అనేకులలో హోరు కూడా వెనుకకు తగ్గుతుంది. బయటి శబ్దము సరిగ్గా అందితే మెదడు తన బిరడా తగ్గించుకొంటుంది గదా.

ఇంకొక సభ సంగతి చెప్పి ముందుకు వెళ్దాము. 2006లో జర్మనీలోని రీగెన్స్‌బర్గులో కూడుకొన్న పరిశోధకులు, రోగిని ఎలా పరీక్షించాలి, మేలు జరిగిందా లేదా అన్నది ఎలా కొలవాలి అనే దాని మీద ఒక ఒప్పందానికి వచ్చారు. ఎందుకంటే ఈ హోరును కొలిచే రక్త పరీక్ష లేదు, మీటరు లేదు. రోగిని అడిగి తెలుసుకోవలసిందే. 1996లో అమెరికాలో తయారైన 25 ప్రశ్నల పట్టీ ఒకటి ఇప్పుడు అనేక భాషలలో వాడుకలో ఉన్నది. నిద్ర పడుతున్నదా, కోపము వస్తున్నదా, నలుగురిలోకి వెళ్లగలుగుతున్నారా అని అడుగుతుంది. ఇన్ని దేశముల వైద్యులు ఇన్నేళ్లు కూడుకొని తేల్చుకొన్నదేమిటంటే, ఎదుటివాని మాట నమ్మి ఓపికగా వరుసగా అడగాలని. మన ఇళ్లలో కోడళ్లు, మనుమలు ఈ పని చేయడానికి ఇంగ్లీషు అక్కరలేదు.

ఉద్దానంలో రెండింతల జాగ్రత్త

ఇక మన ప్రాంతపు ప్రత్యేకమైన సంగతి. ఉద్దానం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తుకు వచ్చేది కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో ఆ జబ్బు లేని ఊరు అరుదు. అందరూ ఒప్పుకొనే కారణము ఇంతవరకు తేలలేదు. హిరమండలం నుండి మంచినీటి పథకము వచ్చింది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇవన్నీ పాఠకులు ఎరిగినవే. కిడ్నీకి, చెవికి సంబంధమున్నదన్న మాట మాత్రము మన పల్లెలలో ఎవరూ చెప్పుకోగా మేము వినలేదు.

లోపలి చెవి, కిడ్నీ రెండూ ఉప్పును, నీటిని లెక్క ప్రకారము అటూ ఇటూ పంపే అవయవములే. ఒకదానికి తగిలే విషము రెండవదానికీ తగులుతుంది. 1927లో ఆల్పోర్ట్ అనే వైద్యుడు కిడ్నీ జబ్బు, చెవుడు కలిసి వంశపారంపర్యముగా వచ్చే ఒక కుటుంబమును గురించి వ్రాశాడు. ఆ జబ్బు ఆయన పేరుతోనే ఉన్నది. ఉద్దానం జబ్బు అది కాదు. అయితే మామూలు కిడ్నీ జబ్బువారిలో కూడా వినికిడి లోపము ఎక్కువని 2010లో ఆస్ట్రేలియాలో వెలువడిన పరిశీలన చూపింది. యాభై ఏళ్లు దాటినవారిలో కిడ్నీ జబ్బు ఉన్న నూరు మందిలో 54 మందికి వినికిడి తగ్గి ఉంటే, ఆ జబ్బు లేని నూరు మందిలో 28 మందికే తగ్గింది.

ఇంతకంటె మన చేతిలో ఉన్న సంగతి మందులది. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ అనే ఇంజక్షన్లు ప్రాణాలు కాపాడినవే. కాని అవి చెవిలోని రోమ కణాలను చంపగలవు. వాటిని ఒంటిలోనుండి బయటికి పంపవలసినది కిడ్నీ. కిడ్నీ పని తగ్గినప్పుడు మందు ఒంటిలో నిలిచిపోతుంది, చెవికి దెబ్బ రెండింతలవుతుంది. ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చే ఫ్రూసమైడ్, అనగా మనవారు లాసిక్స్ అనేది, నరములోకి పెద్ద మోతాదులో వేగముగా ఎక్కించితే అదీ చెవిని తాకవచ్చు. ఈ రెండు రకములూ ఒకేసారి పడితే ఇంకా ప్రమాదము. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాడితే హోరు వస్తుంది, ఆపితే సాధారణముగా పోతుంది. కొబ్బరి చెట్లెక్కి, జీడితోటల్లో వంగి పనిచేసి ఒళ్లునొప్పులకు రోజూ నొప్పి మాత్ర మింగే అలవాటు మన దగ్గర ఉన్నది. అది ముందు కిడ్నీని, తరువాత కిడ్నీ మూలముగా అన్నిటినీ చెరుపుతుంది.

క్షయ చికిత్సలో ఈ పాఠము ప్రపంచము ఆలస్యముగా నేర్చుకొన్నది. స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. చెవికి హాని అని కొద్ది ఏళ్లలోనే తెలిసింది. అయినా మందులకు లొంగని క్షయకు అదే కుటుంబములోని కనామైసిన్ ఇంజక్షన్లు దశాబ్దాలు వాడారు. క్షయ తగ్గి, చెవుడు మిగిలినవారు ఎందరో. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్ ఇక వద్దన్నది; మన దేశములోను ఆ చికిత్స నోటి మాత్రలకు మళ్లింది.

కాబట్టి జ్వరము వచ్చి ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్లినప్పుడు, ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే నోరు విప్పి చెప్పాలి: "ఈయనకు కిడ్నీ జబ్బున్నది, క్రియాటినిన్ ఇంత, చెవికి హాని చేసే సూది వేయవద్దు." తల్లి వైపు బంధువులలో ఎవరికైనా ఇంజక్షను తరువాత చెవుడు వచ్చి ఉంటే అది కూడా చెప్పాలి. తల్లి ద్వారానే బిడ్డలకు వచ్చే ఒక లక్షణము ఉన్నవారికి ఈ మందులు కొద్దిగా పడినా చెవులు పోతాయని 1993లో కనుగొన్నారు. ఇది చదివి వైద్యుడు వ్రాసిన మందును ఎవరూ తమంతట తాము మానవద్దు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఆ సూదే కావలసి రావచ్చు. అడగండి, అంతే. అడగడము అమర్యాద కాదు.

రాయి, ఇంజను, స్పీకరు

టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు క్వారీలు, రాయి కోసి మెరుగుపెట్టే యూనిట్లు ఉన్నాయి. రాయిలో రంధ్రము వేసే డ్రిల్లు దగ్గర చప్పుడు 100 డెసిబెల్‌లు దాటుతుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకొనేది 60. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 85 డెసిబెల్‌లలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. అక్కడినుండి ప్రతి మూడు డెసిబెల్‌లకు సమయము సగమవుతుంది. అంటే 88లో నాలుగు గంటలు, 100 దగ్గరకు వచ్చేసరికి పావుగంట. డ్రిల్లు పట్టే కుర్రవాడు పావుగంటలో పని ముగించి ఇంటికి వస్తాడా? చెవికి మఫ్‌లు ఇవ్వడము యజమాని బాధ్యత, పెట్టుకోవడము ఇతని బాధ్యత. గుడ్డపీలికలు, దూది కుక్కుకొంటే చాలదు. వేటకు పోయే మోటారు బోటులో ఇంజను పక్కన కూర్చునే మన మత్స్యకార సహోదరులకూ ఇదే మాట. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలలో యంత్రాల రొద ఉన్నా, రాతి పనితో పోల్చదగినది కాదు. అక్కడి పొగ, జీడి నూనె వేరే సంగతి.

యంత్రము లేకుండా చప్పుడు కొలిచే ఉపాయము ఒకటున్నది. చేయి చాచినంత దూరములో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ చోటు చెవికి మంచిది కాదు. బయటికి వచ్చాక చెవులు గుయ్యిమన్నా, దిబ్బెళ్లు పడినట్టున్నా రోమ కణాలు దెబ్బ తిన్నట్టు గుర్తు. మరునాటికి తగ్గింది గదా అని ఊరుకొంటే, అలా పదేపదే జరిగి ఒకనాడు తగ్గకుండా నిలిచిపోతుంది.

ఈ పరీక్షను మన మందిరాలలో పెట్టి చూద్దాము. యాభై మంది పట్టే రేకుల మందిరము. రెండు వైపులా మనిషెత్తు స్పీకరు పెట్టెలు, ఆంప్లిఫయరు, కీబోర్డు, ప్యాడ్లు. గొంతు విప్పి చెబితే చివరి వరుసకు వినబడేంత చోటులో మైకు. ఆ పెట్టెల ఎదుటనే చాప మీద సండేస్కూలు పిల్లలు, ఒడిలో చంటిబిడ్డతో తల్లులు! మూడు గంటల ఆరాధన. ఈ మాట కొందరికి కష్టముగా ఉండవచ్చు గాని చెప్పక తప్పదు. క్వారీలో కుర్రవాడికి కూలైనా ముడుతుంది. ఈ పసిబిడ్డ చెవులు ఊరికే పోతున్నాయి.

మన దేశపు అత్యున్నత న్యాయస్థానము ఈ విషయములో ఇచ్చిన పెద్ద తీర్పులలో ఒకటి ఒక క్రైస్తవ సంఘము మీదనే వచ్చిందని చాలామంది ఎరుగరు. చెన్నైలో చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) సంఘము మైకులు, డ్రమ్ములు వాడుతుండగా పక్కనున్న మెజెస్టిక్ కాలనీవారు కోర్టుకు వెళ్లారు. సంఘమువారు మత స్వాతంత్ర్యపు హక్కు చెప్పుకొన్నారు. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఆ వాదమును అంగీకరించలేదు. ఇతరుల శాంతిని చెరిపి, మైకులతోను డప్పులతోను ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదనీ, పసివారికి, వృద్ధులకు, రోగులకు, చదువుకొనే పిల్లలకు నిశ్శబ్దము మీద హక్కున్నదనీ చెప్పింది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బయట లౌడుస్పీకరు వాడరాదు. నివాస ప్రాంతములో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. పండుగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఇవ్వవచ్చు.

"గుడి మైకు లేదా, మసీదు మైకు లేదా, మనలనే అంటారేమి?" అని యౌవనస్థులు అడుగుతారు. నిజమే, ఉన్నవి. వాటి బిరడా మన చేతిలో లేదు, మనది మన చేతిలో ఉన్నది. పెట్టెలను నేల మీదనుండి ఎత్తి గోడకు బిగించండి. వాటి ఎదుట పిల్లలను కూర్చోబెట్టకండి. డ్రమ్ముల దగ్గర కుర్రవాడికి ఫోము బిరడాలు కొనిపెట్టండి, చాలా చవక. చిన్న మందిరములో వాక్యోపదేశమునకు మైకు మానివేసి చూడండి. చెవి మిషను పెట్టుకొన్న పెద్దలకు గోలలో మాట తెలియదు, నెమ్మదైన గొంతే తెలుస్తుంది. వారి కోసమే శబ్దము పెంచుతున్నామనుకోవడము పొరపాటు.

కన్నుకు దొరికినది చెవికి ఎందుకు దొరకలేదు?

మన సోంపేటకు ఒక ఘనత ఉన్నది. అక్కడి మిషను ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్‌గారు వేలమందికి కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన మాట విన్న కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌గారు 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను ప్రారంభించారు. మన ఉద్దానపు మట్టిలో మొదలైన ఆ పని తరువాత అనేక దేశములకు పాకింది. కంటి శిబిరమంటే ఇప్పుడు మారుమూల పల్లెకు కూడా తెలుసు. చెవి శిబిరము ఎవరైనా చూచారా? గుడ్డివానికి చేయి పట్టి దారి చూపుతారు, చెవిటివానిని చూచి నవ్వుతారు. నాటకాలలో చెవిటి పాత్ర హాస్యానికే వస్తుంది. ఆ నవ్వుకు వెరచి మనవారు వినబడనట్టు చెప్పుకోరు, మిషను పెట్టుకోరు, చివరికి కూటములకు రావడమే మానుకొంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారము 150 కోట్ల మందికి ఏదో ఒక మేర వినికిడి లోపమున్నది, 43 కోట్ల మందికి చికిత్సో సాధనమో అవసరము. మార్చి 3ను ప్రపంచ వినికిడి దినముగా పాటిస్తున్నారు. 2007లో బీజింగులో జరిగిన మహాసభలో పుట్టిన ఆలోచన అది, 3.3 అని వ్రాస్తే రెండు చెవుల్లా కనబడుతుందని ఆ తేదీ ఎంచుకొన్నారు. ఆ వారపు ఆదివారమున సంఘములో ఒక ఆడియాలజిస్టును పిలిపించి పెద్దలందరికీ వినికిడి పరీక్ష చేయించడము స్త్రీల సమాజములు తలపెట్టదగిన పని.

హోరుతో వెళ్లేవారు ముందు టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో అడగవచ్చు. విశాఖపట్నములో చెవి, ముక్కు, గొంతుకు ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. వినికిడి లోపము తగినంత ఉన్న పేదవారికి కేంద్రపు ఎడిప్ పథకము కింద చెవి మిషను దొరికే వీలున్నది. కొన్ని గుర్తులున్నప్పుడు మాత్రము ఆలస్యము కూడదు. ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, నాడి కొట్టుకొన్నట్టు లయగా వినబడినా, చీము కారుతున్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే చూపించాలి. రాత్రి పడుకొని లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే అది అత్యవసరమైన జబ్బు. మొదటి కొద్ది రోజులలో మందు పడితేనే మేలు జరిగే అవకాశమెక్కువ. కాచిన వెల్లుల్లి నూనె పోసి వారము చూద్దామనుకొనే లోపల ఆ అవకాశము దాటిపోతుంది. నిద్రలేమితో బ్రతుకు మీద విసుగు మాటలు మాట్లాడేవారిని ఒంటరిగా ఉంచవద్దు, వారి సంగతి వైద్యునికి విడిగా చెప్పండి. ఈలోగా రాత్రివేళ ఫ్యానో, చిన్నగా రేడియోనో పెట్టి ఉంచితే నిద్రకు సాయము.

బయలుదేరే ముందు ఒక కాగితము మీద వ్రాసుకోండి. హోరు ఎప్పుడు మొదలైనది, ఏ చెవిలో, ఎలాంటి శబ్దము, చేసిన పని ఏమిటి, ఎన్నేళ్లు, బి.పి., షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నాయా, చివరి క్రియాటినిన్ ఎంత, గత ఏడాదిలో పడిన ఇంజక్షన్లు ఏమిటి. వాడుతున్న మాత్రల అట్టలు, సీసాలు సంచిలో వేసుకొని వెళ్లండి. పెద్దవారికి వైద్యుని మాట సరిగ్గా వినబడకపోవచ్చు గనుక ఇంటి నుండి ఒకరు వెంట వెళ్లి, ఆయన చెప్పినది అక్కడికక్కడే ఆ కాగితము వెనుక వ్రాసుకొని రండి.